నాలుగో గాడి

డార్ఖాన్‌లో రాత్రి పది.
బయట సున్నాకి ముప్పై ఒక్క మెట్లు కింద చలి.
ఫెల్టు ఫ్యాక్టరీ లెక్కల గదిలో
మూడు పొడుగు కూతలు, కాస్త మౌనం,
మళ్ళీ మూడు పొడుగు కూతలు.

ఇరవై రెండేళ్ళుగా ఉన్ని ఏరేవాణ్ణి,
నాకేం తెలుసని పిలిచావంటే
"టార్చి పట్టుకోడానికి చెయ్యి వణకని మనిషి కావాలి"
అంది ఓయున్‌చిమెగ్.

ముందు స్వెట్టర్ విప్పించింది.
జనవరిలో ఇక్కడ తలుపు గడియ ముట్టుకున్నా
చురుక్కుమంటుంది.
"ఆ ఒక్క చురక దీనికి తగిలితే చాలు,
గొర్రెపిల్ల ఖరీదు గంగలో కలుస్తుంది."
పల్చటి చొక్కాతో నిలబడ్డాను,
ఒక చెయ్యి రేడియేటర్ గొట్టం మీద,
ఒక చేతిలో వెలుగు.

ఉలాన్‌బాతర్ నుంచి రైల్లో వచ్చినవి రెండు పట్టీలు,
రెండు వేళ్ళ వెడల్పు, ఆకుపచ్చ, అంచున బంగారు పళ్ళు.
పాతవి రెండు, కొత్తవి రెండు, గాళ్ళు నాలుగు.
లెక్క సరిపోయింది.
యంత్రానికే సరిపోలేదు.

"మెమరీ అంటే జ్ఞాపకమేగా,
మన పాత జీతాలన్నీ ఇందులోనే ఉంటాయా?"
"కరెంటు తీస్తే దీనికేదీ గుర్తుండదు.
ఇది బల్ల లాంటిది.
పని సాగినంతసేపు పరుచుకోడానికి."
అప్పుడర్థమైంది.
చిన్న బల్ల మీద నూటనలభై మంది జీతాలు పరిస్తే
ఎవడి బొచ్చు ఎవడిదో ఎలా తెలుస్తుంది?

ప్లగ్గు పీకింది. బటన్ నొక్కి పట్టుకుని
లోపల మిగిలిన కరెంటంతా కక్కించింది.
నాలుగూ ఊడదీసింది.
పెన్సిల్ ముక్కతో పుస్తకంలో రాసుకుంటూ
ఒక్కొక్కదాన్నే పెట్టి చూసింది:
పాతది, ఒకటో గాడి. లేచింది.
కొత్తది, ఒకటో గాడి. లేచింది.
రెండోది. లేచింది.
మూడో గాడి దాకా అన్నీ బుద్ధిమంతులే.
నాలుగులో ఏది పెట్టినా
మూడు కూతలు.

రబ్బరుతో పళ్ళు తోమింది.
రెండు పక్కలా టక్కుమనేదాకా నొక్కింది.
బొటనవేళ్ళు ఎర్రబడ్డాయి.
నేను వంగి ఉఫ్‌మని ఊదబోతే
మోచేత్తో పొడిచింది: "నోటి తడి!"
ఉప్పు టీ మీద మీగడ కట్టింది.
పన్నెండు దాటింది.

"గాడి చచ్చింది.
మూడింటితో సర్దుకుందాం," అంది,
మూత అందుకుంటూ.

ఆమె చూపు పట్టీల మీద.
నా చూపు, అలవాటు చొప్పున, ఇంకెక్కడో.
మేలురకం, నాసిరకం, ముతక, నూగు
వేలి కొసన విడదీసి బతికినవాణ్ణి కదా.
గాడి అడుగున ఒక గీత.
నల్లటి ప్లాస్టిక్‌లో నల్లగా లేని గీత.

"ఆగు."

అగ్గిపుల్లని నిలువుగా చీల్చి
ఊపిరి బిగబట్టి
మెల్లగా పైకి లేపాను.
టార్చి ఇప్పుడామె చేతిలో ఉంది.
ఆమె చెయ్యే వణికింది.

బొటనవేలంత పొడుగు, ఎర్రమట్టి రంగు,
కొస వంకర తిరగలేదు, కాబట్టి గొర్రెది కాదు.
వేళ్ళ మధ్య నలిపి చూశాను.
"ఒంటెది. మెడ కింది బొచ్చు. గోబీ సరుకు."
"ఒంటె బొచ్చు మనం ఆపేసి ఆరేళ్ళయింది," అంది.
ఆరేళ్ళుగా ఎవరూ ఆ గాడి తెరవలేదు మరి.

నాలుగూ గుచ్చింది.
బటన్ నొక్కింది.
ఫ్యాను గిర్రుమంది.
ఒక్క పొట్టి కూత.
నల్లటి తెర మీద పదహారు.

మేం కేకలు వెయ్యలేదు.
పొద్దున్న తొమ్మిదింటికి జీతాలు.
పరీక్ష తెల్లారేదాకా నడవాలంది,
కుర్చీలోనే కళ్ళు మూసింది.
నేను స్వెట్టర్ వేసుకుంటుంటే
చీకట్లో చిటచిటమని నిప్పులు రాలాయి నా మీంచి.

వెళ్ళేముందు ఆమె పుస్తకం చూశాను.
ఆ వెంట్రుకని టేపుతో అంటించి,
తేదీ వేసి, పక్కన రాసుంది:
నాలుగో గాడి. కారణం: ఒంటె.