గవర్రాజు చెయ్యెత్తాడు

దేచమ్మ మస్కట్ వెళ్తూ
నా గదిలో వదిలిపోయినవి మూడు:
రంగు వెలిసిన రెయిన్‌కోటు,
సగం వాడిన కాల్షియం పొడి డబ్బా,
గాజుపెట్టెలో ఒక గడ్డపు తొండ.

ఆమె పెట్టిన పేరుకి నా నోరు తిరగలేదు.
గవర్రాజు అన్నాను.
మా వీధి చివర రేషన్ డీలరు గవర్రాజుకీ
ఇదే మెడ, ఇదే చూపు,
అప్పడిగినవాణ్ణి చూసే చూపు.

రామమూర్తినగర్‌లో మూడో అంతస్తు.
కిటికీ కింద కూరగాయల బండివాడు
కన్నడంలో మొదలెట్టి, తమిళంలో బేరమాడి,
తెలుగులో చిల్లర లేదంటాడు.
నా ఉద్యోగం గొంతులు వినడం.
కస్టమర్ల మీద మావాళ్లు విసుక్కున్నారా లేదా
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మార్కులేస్తాను.
ఒక నిట్టూర్పుకి రెండు మార్కులు కోత.
ఇంటికొస్తే
గొంతే లేనివాడు.

మొదట్లో నన్ను చూడగానే
ముందుకాలు ఎత్తేవాడు.
పలకమీద సున్నా దిద్దినట్టు
గాలిలో నెమ్మదిగా తిప్పేవాడు.
నేనూ చెయ్యూపేదాన్ని.
వీడియో తీసి మా అక్కకి పంపాను,
"చూడవే, టాటా చెబుతున్నాడు!"
పన్నెండు రోజులు
పొద్దున ఒకసారి, షిఫ్టు దిగాక ఒకసారి
మా ఇద్దరి మర్యాదలు నడిచాయి.

గోళ్లు కత్తిరించడానికి తీసుకెళ్తే
డాక్టర్ ముర్తుజా నవ్వలేదు.
"అది పలకరింపు కాదమ్మా.
నేను చిన్నవాణ్ణి, నీ జోలికి రాను,
నన్నేమీ చెయ్యకు, అంటున్నాడు."

ఆటోలో పెట్టె ఒళ్లో పెట్టుకుని
కస్తూరినగర్ సిగ్నల్ దగ్గర ఆగాం.
మా మేనేజర్ క్యాబిన్ తలుపు తెరుచుకుంటే
నా మొహం మీదికి ఒక నవ్వొస్తుంది,
నేను రమ్మనకుండానే.
దాన్ని చూసే
అందరూ మంచి పిల్ల అంటారు.

ఆ రాత్రి చదవడం మొదలెట్టాను,
కూడబలుక్కుంటూ, తప్పులతో.
గడ్డం బొగ్గులా నల్లబడితే దగ్గరికి రావద్దని.
దీపం కింద నోరు తెరుచుకు కూర్చుంటే
కోపం కాదు, ఉక్క.
గాజుని గీరుతూ నిలువునా లేస్తే
ఏదో కావాలి, లేదా
గాజులో ఇంకో గవర్రాజు కనబడుతున్నాడు.

తల ఊపడం మాత్రం నాకు ముందే తెలుసు.
చిన్నప్పుడు కంచెమీద తొండ తలూపితే
మమ్మల్నే వెక్కిరిస్తోందని రాళ్లు విసిరేవాళ్లం.
నేనూ విసిరాను. ఒకటి తగిలింది.
పాపం అది చెప్పుకుంటున్నది
ఈ కంచె నాది, అని. అంతే.

నడినెత్తిన వాడికింకో కన్నుందట.
రెప్ప లేనిది, బొమ్మ చూడలేనిది,
నీడ పడితే మాత్రం తెలుసుకునేది.
గద్ద కోసం పెట్టుకున్న కన్ను.
పన్నెండు రోజులూ నేను పైనుంచే చెయ్యి దించాను,
మందారపువ్వుతో,
ప్రేమతో,
గద్దలా.

ఇప్పుడు నేలమీద కూర్చుని
పక్కనుంచి వెళ్తాను, అరచెయ్యి వెల్లకిలా.
చెయ్యెత్తడం మానేశాడని చెప్పను.
ఒక్కోరోజు ఎత్తుతాడు.
నేను తిరిగి ఊపను.

జులై ముసురులో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
రాత్రంతా కరెంటు లేదు, వాడి ఎండ ఆరిపోయింది.
తీసి గుండెమీద వేసుకున్నాను, స్వెటర్ లోపల.
చాప పరిచినట్టు ఒళ్లంతా పలచగా పరిచాడు.
గడ్డం గోధుమరంగులోనే ఉంది.
ఇష్టమని అనుకోలేదు. వాడికి వేడి కావాలి,
నా దగ్గర ముప్పై ఏడు డిగ్రీలున్నాయి.
ఒక కన్ను మూశాడు.
రెండోది తెరిచే ఉంచాడు, నామీద.

బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో
మా ఇంటి పంచాంగంలో ఒక పేజీ నిండా ఉండేది,
కుడిభుజం, ఎడమభుజం, నడినెత్తి.
అన్నీ పడినవాటి సంగతులే.
ఎత్తుకున్నవాటి మాట ఎక్కడా చదివిన గుర్తు లేదు.

నాలుగింటికి కరెంటొచ్చింది.
ఫ్రిజ్ ఒకసారి వణికి అందుకుంది, దీపం వెలిగింది.
మేం లేవలేదు.