గోదారి అని వెతికితే

లొల్ల లాకుల దగ్గర నా ఉద్యోగం.
పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
రాతిమెట్ల మీద ఒంగి స్కేలు చదవడం.
ఎగువన ఇంత, దిగువన ఇంత.
ఆ రెండంకెలూ ఫోన్లో నోట్సులో వేసుకుని
ఆఫీసుకి పంపిస్తాను.
అంతవరకూ జీతం.

అంకెల కింద ఖాళీ ఉంటుంది కదా,
అక్కడ మొదలైంది.

మొదటిరోజు రాసింది ఇంతే:
"తలుపెత్తగానే నీళ్ళు ముందు కాస్త ఆలోచించాయి."
ఎందుకు రాశానో తెలీదు.
మర్నాడు ఇంకోటి:
"పడవలు మానేసిన రేవులో రాయి మీద
తాడు ఒరిపిడి ఇంకా ఉంది."
మూడేళ్ళకి పదకొండొందల పైచిలుకు చీటీలు,
ఒకే జేబులో, తడవకుండా.

చేతులు రెండూ గేరు మీదున్నప్పుడు
నోటితో చెబితే ఫోనే రాసుకుంటుంది.
జులైలో ఓ పూట
"కాలవ నిండా తూడు" అన్నాను.
"కాలవ నిండా తోడు" అని రాసుకుంది.
దిద్దబోయి ఆగాను.
ఆ ముందువారమే క్వార్టర్సులో పక్కవాటా ఖాళీ అయింది.
కూలీలు మాత్రం తూడే తీశారు,
గట్టుమీద పోశారు,
రెండ్రోజులకి కంపు కొట్టింది.

దసరా సెలవుల్లో ఏదైనా రాద్దామని కూచుని
ఏం రాయాలో తోచక
వెతికే గడిలో "గోదావరి" అని కొట్టాను.
వచ్చినవన్నీ క్యూసెక్కులు.
మొదటి ప్రమాద హెచ్చరిక.
ఇసకబస్తాలు అడిగినవి నాలుగొందలు, అందినవి నూటఅరవై.
ఆగస్టు పందొమ్మిది: వరద తీసింది, హెచ్చరిక ఎత్తేశారు.
ఒక్క మనిషి లేడు.

మధ్యలో "వ" తీసేసి
"గోదారి" అని కొట్టాను.

వచ్చారు.
"గోదారి ఎర్రబడితే మా ఆయన అన్నం మానేసేవోడు"
అంటూ నూకరత్నం.
"గోదారి మధ్యలో బాకీలు గుర్తుకురావండి, ఒడ్డెక్కితేనే"
అంటూ పంటు మీద టిక్కెట్లు చింపే కుర్రాడు.
లంకలోంచి సూరన్న,
ఒడ్డున నిలబడి చెయ్యి చాపి:
"ఇక్కణ్ణుంచి అదిగో,
ఆ సుడి తిరుగుతున్న చోటుందే, అందాకా నాదే."

ఒక్క అక్షరం.
దానికటు సర్కారు, ఇటు జనం.
ఇన్నాళ్ళూ ఒకే జేబులో ఉండి
మొహమొహాలు చూసుకోలేదు.

చీటీకీ చీటీకీ లంకె వేసే వీలుంది ఇందులో.
సూరన్న మాట దగ్గర వేలు పెట్టి
తారీఖు చూశాను. ఆగస్టు ఇరవై.
"రాత్రి జారిపోయింది" అన్నాడు,
ఏడు కుంచాల అరటితోట.
వరద తీసేటప్పుడే గట్టు ఊడ్చుకుపోతుంది.
హెచ్చరిక ఎత్తేశారని
నేను తప్పుల్లేకుండా రాసుకున్న రాత్రే అది.

రెండూ నాకు తెలిసిన సంగతులే.
పక్కపక్కన పెడితే
తెలియనిది ఒకటి మధ్యలోకొచ్చి కూచుంది.
ఆ రాత్రి నాలుగు పేజీలు రాశాను, కాగితం మీద.

నాకంటే ముందు ఈ లాకు ఏసుపాదం గారిది.
మట్టం సుద్దముక్కతో తలుపు దూలం మీద రాసేవాడు.
వానకి పోయేది.
నా జేబు సంగతి చెప్పి గొప్పలు పోయాను.
ఫోను తీసుకుని
వేలితో పైకి నెట్టాడు, నెట్టాడు, నెట్టాడు.
"దాచావు సరే, తిరిగి ఎన్ని చూశావురా?"
నేను మాట్లాడలేదు.
"మాది చెరిగిపోయేది గనక రోజూ దిగి చూసేవోళ్ళం."

ఎండాకాలం కాలవ కట్టేస్తారు.
అడుగు బయటపడుతుంది,
సీసాలు, వినాయకుడి తొండం,
ఎవరిదో సైకిలు చట్రం.
ఈసారి ఆ నెలంతా రోజుకి ముప్పయ్యేసి చదివాను.
ఎక్కువ భాగం తూడే.
తీసి గట్టున పోశాను.
చెరిపేటప్పుడు "నిజంగానే తీసెయ్యాలా?" అని అడుగుతుంది ఫోను,
ప్రతిసారీ, కొత్తగా.

తోడు అన్న చీటీ అలాగే ఉంది.
దాని కింద ఏమీ రాయలేదు ఇంకా.

నీళ్ళొదిలి మూడ్రోజులు.
ఆరు కావస్తోంది,
దిగి చూసి రావాలి.