గేటు పడ్డప్పుడు

ఎనిమిది సీట్లు. మేం తొమ్మిది మందిమి.
"చిన్నది ఒళ్ళో కూచుంటుందిలే" అంది మా అత్త
షోరూం కుర్రాడితో,
చేపల బేరం తెగ్గొట్టినంత తేలిగ్గా.

"రెండు ఇంజన్లు మేడం, ఒకటి పెట్రోలుది, ఒకటి కరెంటుది"
అని ఆ అబ్బి చెప్తుంటే
మా మామ మాలకొండయ్య మీసం కింద నవ్వాడు.
ఎద్దునీ దున్ననీ ఒక కాడికి కట్టినోడు
బాగుపడతాడని కందుకూరులో ఎవరూ అనరు.
ఎద్దు ఎండకి లాగుద్ది, దున్న నీడకి లాగుద్ది,
చాలు వంకరపోద్ది.

అయినా కొన్నాం.
పొగాకు బేళ్ళు వేలంలో మంచి రేటుకి పోయిన ఏడు,
మిగిలింది ఐదేళ్ళ కంతులకి రాసిచ్చి.
పాత ట్రాక్స్‌ని ఇనుము కొట్టుకి తోలినప్పుడు
ఆఖరి రోజు కూడా అది
తోస్తే గానీ స్టార్టవలేదు.

బ్రేకు తొక్కినప్పుడల్లా బ్యాటరీ నిండుద్దంటే
నాకు మా అమ్మ గుర్తొచ్చింది.
నాన్న చెయ్యి బిగబట్టినప్పుడల్లా
పోపుల డబ్బాలో ఆవాల కింద
ఎట్టా పోగయ్యేవో ఆ నోట్లు.
ఎవరితోనూ అనలేదు. మైలేజి కాగితం మీద
ఇట్టాంటివి రాయరు.

వంకలు కూడా చెప్పాలిగా.
మూడో వరస లేపితే డిక్కీలో ఒకే ఒక్క సంచి పడుద్ది.
బుజ్జమ్మ వదిన మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.
ఏసీ గాలి మా దాకా వచ్చేసరికి కావలి దాటుద్ది.
పులుసు దబర మూతకి గుడ్డ కట్టి
నా పాదాల మధ్య పెట్టుకుని
ప్రతి స్పీడు బ్రేకరుకీ దణ్ణం పెట్టుకోవాలి.
(నెల్లూరుకి చేపల పులుసు మోసుకెళ్ళేది
ఈ భూమ్మీద మా అత్త ఒక్కతే.)

ఇదివరకు ఏ పెళ్ళికైనా రెండు బళ్ళు.
ఒకదాంట్లో అలిగినోళ్ళు,
ఇంకోదాంట్లో వాళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు.
ఇప్పుడు అందరం ఒకే అద్దాల మధ్య.
మాటలు తగ్గాయి. చిక్కీ పొట్లం మాత్రం
ముందు సీటు నుంచి చివరి దాకా చేతులు మారుతుంది.

జున్నుపాల కోసం హైవే దిగితే
బిట్రగుంట దగ్గర గేటు పడింది.
గూడ్సు బండి. యాభై పెట్టెల దాకా లెక్కపెట్టి వదిలేశాం.
ఉన్నట్టుండి మా బండి సద్దు మణిగింది.

ఎవరూ ఏమీ అనలేదు.
ముందు మామ దిగాడు, పంచె ఎగ్గట్టి.
వెనకే మా ఆయన, మరిది, అత్త,
మోకాళ్ళు విరుచుకుంటూ వదిన,
దబర పక్కకి జరిపి నేను, నా వెనక చిన్నది.
ఏడు జతల చేతులు డిక్కీకి ఆనించాక
స్టీరింగు దగ్గర్నుంచి బుజ్జమ్మ కూతురు లహరి తల బయట పెట్టి
"ఏందే మీరంతా! బానే ఉండాది.
కరెంటు మీద ఉండాది."

సైకిలు మీద ఐసుపెట్టె అబ్బాయి
మా వైపు చూడకుండా ఉండటానికి
చాలా కష్టపడ్డాడు.

వెంగమ్మ అవ్వ ఒక్కతే దిగలేదు.
రెండు చెవులూ పోయి పదేళ్ళు.
బండంటే ఆమెకి అరికాళ్ళ కింద వణుకు, అంతే.
అద్దం దించమని సైగ చేసి
"సింగరాయకొండ కాడ రెండుసార్లు ఊరుకుందిగా,
అప్పుడు దిగలేదేం?" అంది.

గేటు లేచింది.
చిన్నది నా ఒళ్ళోకి రాలేదు.
చెప్పులు విప్పి
అవ్వ పాదాల మీద పాదాలు పెట్టి నిలబడింది,
వణుకు ఎప్పుడొస్తుందా అని.