ఖాళీ తేదీ

ముసఫ్ఫాలో రాత్రి రెండుంబావు.
కంటైనర్ క్యాబిన్‌లో ఏసీ ఒక్కటే హాయిగా నడుస్తోంది.
నాలుగింటికి బస్సులు.
గేటు దగ్గర కార్డు గీకితేనే హాజరు,
గీకే మిషన్ వెనక నా జావా అప్లికేషన్,
అది లేవనంటోంది.

లేపిన ప్రతిసారీ అదే వరస.
తన పేరు పెద్దక్షరాల్లో పరుచుకుని
పదకొండు సెకన్లు బుద్ధిగా నడిచి
పన్నెండో సెకనుకి బొక్కబోర్లా.
ఆ తర్వాత తెర నిండా
మూడొందల ఎర్ర లైన్ల శోకాలు.

మొదటి తగువు పోర్టుది.
ఎనిమిదివేల ఎనభైలో ఇంకెవరో ఉన్నారట.
టైంకీపర్ రాజలింగం చాయ్ కప్పు పెడుతూ
ఏమంటుంది మేడమ్ అన్నాడు.
చెప్పాను.
"గంతేనా. మా రూంల రోజూ ఉన్నదే.
రాత్రి డ్యూటీ దిగి నేనొచ్చే యాళ్లకు
పగటి డ్యూటీ కొమురెల్లి ఇంకా నా మంచం మీదనే ఉంటడు.
పాతోడు లేవలేదేమో, సూడుండ్రి."
చూశాను.
నిన్న సాయంత్రం చచ్చిందనుకున్న పాత ప్రాసెస్
దుప్పటి ముసుగేసుకుని అక్కడే ఉంది.
నెంబరు పట్టుకుని లేపేశాను.

మళ్లీ స్టార్ట్.
పదకొండు, పన్నెండు, పదిహేడు,
బోర్లా.

ఈసారి ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం.
గేటు కంట్రోలర్ పుట్టలేదు, హాజరు సర్వీసు లేదు గనక.
హాజరు సర్వీసు లేదు, షిఫ్టుల పట్టిక రాలేదు గనక.
టైపింగ్ సెంటర్‌కి పోతే మెడికల్ తెమ్మన్నట్టు,
మెడికల్‌కి పోతే కంపెనీ స్టాంపు తెమ్మన్నట్టు.
ఈ పనిలో నేర్చుకున్నది ఒక్కటే.
పై లైనుని నమ్మకు,
అరిచేది ఎప్పుడూ దెబ్బ తిన్నది కాదు.
దీనికి కారణం, దీనికి కారణం అంటూ మెట్లు దిగుతూ పో,
అట్టడుగున గొంతు లేకుండా ఒక లైను ఉంటుంది.

ఉంది.
కార్మికుడు 2217. వీసా గడువు: ఖాళీ.
నిన్న ఆఫీసువాళ్లు పాత తేదీ చెరిపారు,
కొత్తది ఎక్కించలేదు.
లేచే ముందే అందరి గడువులూ లెక్కపెట్టమని
కోడులో ఎవరో రాశారు.
ఎవరో ఏమిటి, నేనే, పోయిన రంజాన్‌లో.
ఆరువందల నలభై మంది తెల్లవారుజామును
ఒక్క ఖాళీ గడి పట్టుకుని కూచుంది.

మూడూ నలభై.
ఆ వరస తీసేయడం నిమిషం పని.
తీసేశాను.
ఇరవై మూడు సెకన్లలో లేచి కూచుంది,
ఎర్ర అక్షరం ఒక్కటి లేదు.
అప్పటికి చాయ్ మీద మీగడ కట్టింది.

రాజలింగం తలుపులో నిలబడ్డాడు.
బయటి ఉక్కకి కళ్లద్దాలు ఆవిరి పట్టాయి.
చేతిలో గీతల నోట్‌బుక్.
మిషన్‌ని నమ్మక నెంబర్లన్నీ రాసుకుని తెచ్చాడు.
తెరనీ కాగితాన్నీ పోల్చుకుంటూ
ఒకచోట వేలు ఆపాడు.
"గీ రెండువేల రెండొందల పదిహేడేడి?
గుగ్గిల్ల బక్కయ్య.
రెన్యువల్‌కని పాస్‌పోర్టు ఆఫీసుల తీసుకుని మూడు వారాలాయె.
మనిషైతే లైన్ల నిలవడ్డడు."

కిటికీలోంచి చూశాను.
పసుపు హెల్మెట్లు, టిఫిన్ డబ్బాలు.
అందులో బక్కయ్య ఎవరో తెలియలేదు.

ఆపేశాను.
చక్కగా నడుస్తున్నదాన్ని,
నాలుగు కావడానికి ఆరు నిమిషాల ముందు.
తీసిన వరస తిరిగి పెట్టి
కోడులో ఒక్క షరతు చేర్చాను:
తేదీ ఖాళీ అయితే ఆఫీసుకి మెయిలు కొట్టు,
గేటు తియ్యి.

కంపైల్ అయ్యేలోగా మొదటి బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది.
పఠాన్ డ్రైవర్ ఏదో అన్నాడు, మంచిమాట కాదు.
పదకొండు, పన్నెండు, పదిహేడు,
ఇరవై మూడు,
ఇరవై నాలుగు,
ముప్ఫై ఒకటి.
లేచింది.

గేటు దగ్గర కార్డుల టిక్కు టిక్కు.
తెర మీద నెంబర్లు పడుతుంటే
2217 పడేదాకా కూచున్నాను.
నాలుగూ తొమ్మిది.

ఆ తొమ్మిది నిమిషాల సంగతి పొద్దున మేనేజరు అడుగుతాడు.
లాగ్ మొత్తం పంపిస్తాను.
ఆయన పై లైను దగ్గరే ఆగిపోతాడు.