మెయిను

అచ్చంపేట సంతల పాతసామాన్ల కుప్పల కెళ్లి
జహంగీర్ ఏరిచ్చిన వంద వాట్ల పలక,
ఓ మూల కొంచెం పగిలింది.
ఆటోల నుంచి ఊడబెరికిన బ్యాటరీ,
మూడేండ్లది, ఇంకా ఊపిరుంది.

ఎర్ర వైరెటు, నల్ల వైరెటు
రెండు ఫ్యూజులు కాలినంక తెలిసింది.
పలకను దక్షిణం దిక్కు వంచి
కింద షాబాదు బండముక్కలు పెట్టిన.

పొద్దుగూకింది.
కరెంటు పోతదని అందరం కూసున్నం.
ఏడాయె, ఎనిమిదాయె,
రోజూ తిట్లు తినే కరెంటు
ఇయ్యాల పెండ్లికొచ్చిన చుట్టం లెక్క
కదలదాయె.

"దీనికేం ముహూర్తం?" అని
ఈదమ్మ లేసిపోయి
మెయిను కిందికి గుంజింది.

చీకట్ల తడుముకుంట సుచ్చేసిన.
కుట్టుమిషిను మీద
పగటి ఎండ,
సూది కంట్ల దారం ఎక్కేంత.