సీటు లోపలి మనిషి

ఉదయం ఏడున్నరకి
గ్రోనింగెన్‌లో ఒక పాత గోదాము వెనక
కారు సీటును చొక్కాలా తొడుక్కుంటాను.
బూడిదరంగు రెగ్జిన్, భుజాల మీద నురుగు దిండ్లు,
తల ఆనించుకునే చోట నా తల.
కళ్ళ దగ్గర మాత్రం జాలీగుడ్డ.
నేను లోకాన్ని చూస్తాను.
లోకానికి నేను ఖాళీ సీటుని.

స్టీరింగు కింది అంచు రెండు వేళ్ళతో పట్టుకుని నడుపుతాను.
వెనక వ్యానులో ఫెమ్కె కెమెరాలు చూసుకుంటుంది.
బయలుదేరే ముందు రోజూ ఒకటే మాట:
"హిడ్డె, నువ్వు లేవు. గుర్తుంచుకో."
తల ఊపకూడదు. తుమ్మొచ్చినా మింగాలి.
ఎవరైనా నవ్వితే నవ్వొచ్చు,
గుడ్డ వెనక నవ్వుని ఎవరు లెక్కపెడతారు?

బానెట్ మీద నీలిపచ్చ దీపాల పట్టీ.
అది కుడి నుంచి ఎడమకి పారితే
"ఆగుతున్నాను, మీరు దాటండి" అని అర్థం.
మా గదిలో ఆరుగురికి తెలుసు ఆ అర్థం.
బడిపిల్లలు ఎవరిదో పుట్టినరోజు అనుకున్నారు.
చేపలమ్మే రూలోఫ్ అంబులెన్సేమోనని బండి పక్కకి లాగాడు.
ఒక కుర్రాడు సైకిలు మీద ఫోను చూసుకుంటూ
ఏమీ అనుకోకుండానే దాటిపోయాడు.
మమ్మల్ని పూర్తిగా నమ్మింది వాడొక్కడే.

మిగతావాళ్ళు దీపాన్ని చూడరు.
వేగం తగ్గించి, ఒక కాలు నేలకానించి,
అద్దంలోకి మెడ చాచి వెతుకుతారు
తాళంచెవి పోగొట్టుకున్న మొహంతో.
వాళ్ళు వెతికే కళ్ళు అక్కడే ఉన్నాయి,
జాలీ వెనక, రెప్పలార్పుతూ.

ఒక్క దాటడంలో ఇంత సంభాషణ ఉందని
నోరు కుట్టేశాకే తెలిసింది.
గడ్డం అంగుళం లేస్తే "వెళ్ళు."
కనుబొమలు ముడిపడితే "నాకు ఆలస్యమవుతోంది."
అరచేయి స్టీరింగు మీంచి లేచి అలా విచ్చుకుంటే
"పర్లేదమ్మా, పాపతో మెల్లగా."
కనుసన్నల్లో రాజ్యాలు నడిచేవంటారు.
ఈ ఎర్ర ఇటుకల సందుల్లో
రొట్టె కొనడానికి పోయేవాళ్ళ ప్రాణాలు నడుస్తున్నాయి.

ఒక పెద్దాయన దాటేశాక వెనుదిరిగి
ఖాళీ సీటుకి చెయ్యెత్తాడు. అలవాటు.
రిపోర్టులో: కృతజ్ఞత, ఒకటి.

గురువారం, వాన.
కాలవ వంతెన దగ్గర తెల్లకర్రతో ఒకావిడ.
ఆగాను. దీపాలు పారాయి, మళ్ళీ పారాయి,
తడి రోడ్డంతా నీలిపచ్చ.
ఆవిడ కదల్లేదు.
కరెంటు కారు. గుర్రుమనదు, గొణగదు.
చెవి ఇటు తిప్పింది,
కర్ర చాచి బంపర్ని రెండుసార్లు తట్టింది
ఎవరింటి తలుపో తట్టినట్టు.
"ఉన్నారా?" అంది.

నేను లేను.
లేనందుకే నాకు జీతం.
వైపర్లు అటూ ఇటూ తల ఊపుతున్నాయి,
వాటికి అనుమతి ఉంది.
వెనక సైకిళ్ళు గుంపు కట్టాయి, ఎవరో గంట కొట్టారు.
"ఉన్నారా? వెళ్ళనా?"

అద్దం నాలుగు వేళ్ళు దించి
"ఉన్నాను, వెళ్ళండి" అన్నాను.
పరుపు కింద దాక్కున్న పిల్లాడి గొంతు.

ఆవిడ తొందరేం పడలేదు.
అవతలి గట్టు ఎక్కాక,
"జలుబు చేసినట్టుంది, అల్లం వేసుకుని తాగండి" అంది.

ఫెమ్కె ఆ పూట లెక్కంతా కొట్టేసింది.
చెల్లదంది. నిజమే, చెల్లదు.

సాయంత్రం నా సైకిలు మీద అదే వంతెన.
ఒక పాత వోల్వో ఆగింది.
అద్దం నిండా మబ్బులు, లోపల ఎవరున్నారో కనబడలేదు.
కాలు నేలకానించాను. మెడ చాచాను.
"ఉన్నారా?" అన్నాను పైకే,
వినబడదని తెలిసీ.
హెడ్‌లైట్లు ఒకసారి ఆరి వెలిగాయి.
మా ఊళ్ళో దానర్థం వెళ్ళమని.
దక్షిణాన ఎక్కడో తప్పుకోమనట.
వంగి, నంబరు పలక ఎక్కడిదో చూడబోయాను.