గౌనుకి జేబు

ఈసారి యూనివర్సిటీ ఆర్డరు నాలుగు గౌన్లు.
గౌరవ డాక్టరేట్లట.
మెరూన్ శాటిను, మెడ చుట్టూ జరీ పట్టీ,
లోపల అస్తరు కూడా, మే నెల గుంటూరులో!
వద్దంటే వినరు.
"రూల్సు, సుభానీ" అంటారు.

మాజీ వైస్ ఛాన్సలర్ గారి ఛాతీ నలభై ఆరు.
ఊపిరి బిగబట్టి నలభై మూడని రాయించారు.
నలభై ఆరుకే కోశాను.
కత్తెరకి మొహమాటం లేదు.

పత్తి శాస్త్రవేత్త కొలతలు ఫోన్లో చెప్పారు.
ఇంకొకాయన డ్రైవర్ని పంపి
"నా అంతే ఉంటాడు, వాడికి తియ్" అన్నారు.

నాలుగో మనిషి లాలాపేటలో ఆటో దిగింది,
కట్టెపోగు సువార్త మేడం.
ముప్పయ్యేళ్ళ కిందట ఇదే స్టూలు మీద కూర్చుని
మా నాన్నని అడిగింది
దీన్నేమంటారు, దాన్నేమంటారు అని.
కచ్చా టాకా, కాజా, బకరం, చంక ముక్క, చోర్ జేబు...
నాన్న నవ్వుతూ చెబుతుంటే
చీటీల మీద రాసుకుంది.
అవన్నీ ఇప్పుడు లావుపాటి నిఘంటువులో ఉన్నాయట.
నేను చూళ్ళేదు.
నాన్న అసలే చూళ్ళేదు.

టేపు వేశాను.
ఎడమ భుజం అరంగుళం కిందికుంది.
పల్నాడు బస్సుల్లో, కుమ్మరి బజార్లలో,
చెప్పులు కుట్టేవాళ్ళ గొడుగుల కింద
చీటీల సంచి మోసిన భుజం.
పుస్తకంలో రాయలేదు,
వేళ్ళకి చెప్పుకున్నాను.

వెళ్తూ వెళ్తూ "జేబు పెట్టవయ్యా" అంది.
గౌనుకి జేబుండదమ్మా అన్నాను.
"మరి పెన్సిలెక్కడ పెట్టుకోను?"

కరెంటు పోయిన రాత్రి
సెల్లు లైటు పళ్ళ మధ్య పట్టుకుని
అస్తరు విప్పి మళ్ళీ కుట్టాను.

స్నాతకోత్సవం నాడు స్టేజీ పక్కన నిలబడ్డా,
పిన్నులూ సూదీ దారంతో.
ఆమె గురించి కాగితం చూసి చాలాసేపు చదివారు.
నాకు తెలిసిన మాట ఒక్కటీ రాలేదందులో.
గౌను మాత్రం తిన్నగా జారింది,
చూసేవాళ్ళకి రెండు భుజాలూ ఒకటే.

సాయంత్రం ఐదింటికి లెక్క చూసి
నాలుగూ ఇస్త్రీకి నా మీద పడేశారు.
మూడు చెమటతో బరువు.
నాలుగోదాని జేబులో చెయ్యి పెడితే
చీటీ.

"ఎడమ వైపు అరంగుళం దించావు.
ఎవరికీ చెప్పకుండా చేసే ఈ పనిని
మీవాళ్ళు ఏమంటారు?"

నాన్న ఉంటే చెప్పేవాడేమో.
మిషను ఆపేసి
ఒక్కో మాటా నోట్లో వేసుకుని చూస్తున్నాను,
ఏదీ సరిపోవట్లేదు.